పలకకూడని పిలుపు

ఏరియల్ తాత పోయిన సంగతి నాకు రేడియోలోనే తెలిసింది. రోజూ పొద్దున ఏడింటికి సరదాకి సొంత రేడియో నడుపుకునే హామ్ రేడియో వాళ్ళం పాతికమంది దాకా ఒకే ఫ్రీక్వెన్సీ మీద చేరి హాజరు వేసుకుంటాం. ఒకాయన వరసగా మా రేడియో పేర్లయిన కాల్‌సైన్లు చదువుతాడు, ఉన్నవాళ్ళం పలుకుతాం. మొన్న మంగళవారం తాత కాల్‌సైన్ చదివితే జవాబు లేదు. అందులో వింతేమీ లేదు, మొదటి పిలుపుకి పలికే మనిషి కాదాయన. రెండోసారి చదివారు. మూడోసారీ చదివారు. అప్పుడు తిరువొత్తియూరు నుంచి ఒకతను మధ్యలో వచ్చి, తాత నిద్రలోనే పోయారనీ సాయంత్రం దహనమనీ చెప్పాడు. ఆ పైన పావుగంట సేపు అందరూ ఆయన్ని పొగిడారు. ఆయనే వింటూ ఉంటే, "చాలు, ఛానెల్ ఖాళీ చెయ్యండయ్యా, ఎవరికన్నా పనుంటాది" అని కసిరి ఉండేవారు.

నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. నా తమ్ముడి మీద ఒక కన్ను వేసి ఉంచిన మనిషి ఇక లేడనిపించింది. ఆ మాట ఎవరికీ అర్థం కాదు, ఆయన్ని తెలిసినవాళ్ళకి తప్ప.

తొండియార్‌పేటలో కంటైనర్ లారీలు హార్బరు గేటు కోసం బారు తీరే రోడ్డుకి ఒక సందు లోపల, మూడంతస్తుల ఇంటి మిద్దె మీద ఒంటిగది ఆయనది. భార్య పోయాక పెద్ద ఇల్లు వదిలేసి అందులోకి మారారు. పిల్లల్లేరు. గదిలో సామాను కంటే గది పైన ఇనప గొట్టాలూ తీగలూ ఎక్కువ, అందుకే వీధిలో తెలుగువాళ్ళకీ అరవవాళ్ళకీ ఆయన ఏరియల్ తాత. ఉప్పుగాలికి గొట్టాలు తుప్పు పడితే చూలైలో వెల్డింగు షాపుకి మోసుకుపోయి బాగు చేయించుకునేవారు. కుర్రకాలంలో ఓడల్లో రేడియో ఆఫీసరు. టక్కు టక్కుమని మోర్స్ కొట్టే రోజుల్లో చేరి, ఆ మోర్స్ పోయి కొత్త యంత్రాలొచ్చాక కూడా కొన్నేళ్ళు చేసి, ఎందుకో తొందరగా మానేసి ఒడ్డుకొచ్చేశారని విన్నాను.

సన్నగా, పొడుగ్గా, మే నెల ఎండలో కూడా మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకున్న చొక్కాతో ఉండేవారు. నడిచేటప్పుడు కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని వీపు వెనక పెట్టుకునేవారు. పారిపోతుందేమో అన్నట్టు దాన్ని గట్టిగానే పట్టుకునేవారు. పూలమ్మే ఆమె కింద నిలబడి "తాత్తా, పూ వేణుమా" అని, పూలు కావాలా అని అరవంలో నాలుగుసార్లు అరిస్తే గానీ పిట్టగోడ దగ్గరికి వచ్చేవారు కాదు. చెవుడనుకునేది పాపం. చెవుడు కాదు. హార్బరులో ఓడ కూత వినగానే, లంగరెత్తుతోందో లోపలికి వస్తోందో చెప్పేసే చెవులవి. కానీ ఎవరు పిలిచినా మొదట ఆగేవారు. తల కొంచెం పక్కకి వంచి, ఇంకెవరైనా జవాబిస్తారా అని చూస్తున్నట్టు ఆగి, ఆ తర్వాతే పలికేవారు. చాలామందికి అది పొగరనిపించేది. నాకూ మొదట్లో అలాగే అనిపించింది, దాపరికమెందుకు.

గోడ మీద ఓడలోంచి తెచ్చుకున్న ఇత్తడి గడియారం ఉండేది. దాని ముఖం మీద పావు గంట దగ్గర ఒకటి, ముప్పావు దగ్గర ఒకటి ఎర్రరంగు పూసిన మూడేసి నిమిషాల ముక్కలు. మోర్స్ కాలంలో ప్రతి అరగంటకీ ఆ మూడు నిమిషాలు సముద్రం మీద ఓడలన్నీ నోరు మూసుకుని వినాలట, ఎక్కడైనా బలహీనంగా ఎవరైనా ఆపదలో పిలుస్తున్నారేమో అని. ఆ రూలు ఎత్తేసి ఎన్నేళ్ళో అయింది. ఆయన మాత్రం ఎత్తెయ్యలేదు. మాట సగంలో ఉన్నా, కాఫీ గ్లాసు పెదవి దాకా వచ్చినా, ముల్లు ఎర్రలోకి రాగానే ఆగిపోయేవారు. నేను మొదటిసారి వెళ్ళిన రోజు ఓమ్ సూత్రం చెబుతూ చెబుతూ అలా బిగుసుకుపోయారు. పక్షవాతం అనుకుని నేను చెంబుతో నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చాను. మూడు నిమిషాలయ్యాక, "ఆ నీళ్ళు ఆడ పెట్టు మ్మా" అని, వాక్యం ఎక్కడ వదిలారో అక్కడే అందుకున్నారు.

నేను చూలైలో ఒక స్కూల్లో సైన్సు ల్యాబ్ అసిస్టెంటుని. స్కూల్లో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు ఆయన్ని రేడియోతో పిలిపించారు. వైర్లు అందించే పని నాకు పడింది. సాయంత్రానికి శ్రీలంకలో ఎవరో ఆయనతో మాట్లాడుతుంటే విని, నాకూ కావాలి సార్ అన్నాను. ముప్పయి నాలుగేళ్ళ ఆడమనిషి అలా అడిగితే నవ్వుతారనుకున్నాను. "ఆదివారం పొద్దున్నే రా" అన్నారు, అంతే. ఆ ఆదివారం నాతో నా తమ్ముడూ వచ్చాడు. వాడు నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. నాటికల్ కోర్సు చేసి, ఏడాదిన్నర క్యాడెట్‌గా ఓడ మీద తిరిగి వచ్చాడు. ఇప్పుడు ఓడల్లో రేడియోకని విడిగా మనిషి లేడు, డ్యూటీలో ఉన్న ఆఫీసరే దాన్నీ చూసుకోవాలి. అందుకని రేడియో సర్టిఫికెట్టు పరీక్ష గట్టెక్కితే గానీ వాడు ఆఫీసరు కాలేడు. ఆ విధంగా ఒకే బెంచీ మీద సరదా పరీక్షకి నేనూ, ఉద్యోగం పరీక్షకి వాడూ కూర్చున్నాం.

ఏది కష్టమన్న పంచాయితీ మొదటి రోజే మొదలైంది.

"నీది ఆటకి పరీక్ష అక్కా. తప్పితే మళ్ళా రాసుకుంటావు. నాది బువ్వకి పరీక్ష" అనేవాడు వాడు.

"నీది బట్టీ కొడితే వచ్చేది రా. ఏ బటన్ నొక్కాల, ఏ ఛానెల్లో మాట్లాడాల, అంతే గదా. ఏదీ, కెపాసిటర్ ఏం చేస్తాదో చెప్పు చూద్దాం."

"అది చెడిపోతే ఒడ్డుకొచ్చినాంక మెకానిక్ చూస్తాడ్లే."

నిజం చెప్పాలంటే నా పక్షమే బలంగా ఉండేది. నాకు సర్క్యూట్లు, తరంగాలు, చట్టం, పైగా మోర్స్. నిమిషానికి ఎనిమిది మాటలు చెవితో పట్టి రాయాలి. వాడికి ఇన్‌స్టిట్యూట్‌లో రెండు వారాల క్లాసు, సీనియర్ల దగ్గర జిరాక్సు తీసిన పాత ప్రశ్నల కట్ట. నోటిపరీక్షలో ఏ ఆఫీసరు ఏం అడుగుతాడో కూడా అందులో రాసి ఉండేది. తాతని తీర్పు చెప్పమంటే ఒక ఆదివారం "అక్కదే కష్టం" అనేవారు, మరుసటి ఆదివారం "తమ్ముడిదే కష్టం" అనేవారు. గోడ మీద పిల్లి అనుకునేవాళ్ళం.

ఆయన పాఠంలో ఒక చిక్కుండేది. మా హామ్ రేడియోలో మొదటి మర్యాద, ఎవరైనా పిలిస్తే పలకడం. ఎక్కడో అండమాన్‌లో ఒకడు ఒంటరిగా కూర్చుని పిలుస్తుంటే విన్నవాడు ఊరుకోకూడదు. నా పాఠంలో పలుకు పలుకు అని తొందరపెట్టేవారు. అదే బెంచీ మీద తమ్ముడి పాఠానికి వచ్చేసరికి, పలకొద్దు, ఆగు అనేవారు.

ఎందుకంటే వాడి యంత్రం వేరు. మునిగిపోతున్న పడవ ఎర్ర బటన్ నొక్కిందంటే, ఆ తర్వాత దానికి మనిషితో పని లేదు. నాలుగు నిమిషాలకోసారి తనంతట తనే పిలుస్తూనే ఉంటుంది, ఎవరో ఒకరు "విన్నాం" అనే బటన్ నొక్కేదాకా. నొక్కగానే ఆగిపోతుంది. ఆ "విన్నాం" బటన్ ఒడ్డు మీదున్న స్టేషను వాళ్ళది. వాళ్ళయితే కోస్టు గార్డుని లేపుతారు, చుట్టుపక్కల ఓడల్ని మళ్ళిస్తారు. దారిన పోయే ఓడ దాన్ని ముట్టకూడదు. పిలుపులో వచ్చిన పడవ నంబరు రాసుకుని, ఒడ్డు పలుకుతుందేమో ఆగి చూసి, నోటితో మాట్లాడాలి. తొందరపడి నొక్కితే, ఆ పిలుపు ఒడ్డుకి చేరకముందే నోరు మూసుకుంటుంది. ఇది వాళ్ళ పుస్తకంలో ఒక పేరా. పరీక్షలో ఒక మార్కు.

దాని కోసం ఆయన ఒక చెక్కపెట్టె చేశారు. ఒక బజరు, ఒక ఎర్ర బల్బు, పక్కన "విన్నాం" అని ఒక పచ్చ బటన్. స్విచ్చి మటుకు ఆయన బల్ల కింద దాచుకునేవారు. వాడితో క్రికెట్ గురించో సినిమా గురించో మాట్లాడుతూ ఉన్నట్టుండి మోగించేవారు. "చేతులు తొడల కింద పెట్టుకో అబ్బయ్యా" అని ముందే చెప్పేవారు. వాడు పెట్టుకునేవాడు. తొమ్మిదిసార్లు మోగితే తొమ్మిదిసార్లూ బుద్ధిగా పెన్సిలు తీసుకునేవాడు. పదోసారి, నవ్వుతూ ఏదో చెబుతూ ఉండగా మోగితే, చెయ్యి బయటికొచ్చి పచ్చ బటన్ మీద పడేది. వాడు నొక్కేవాడు అనడానికి లేదు. చెయ్యి నొక్కేసేది, వాడు తర్వాత చూసుకునేవాడు.

నన్ను కూడా ఆ పెట్టె ముందు కూర్చోబెట్టారు. నా చెయ్యి ఒక్కసారీ లేవలేదు. స్కూల్లో రోజుకి పది బెల్లులు వినేదాన్ని, బెల్లు మోగిందని లేచే అలవాటు ఎప్పుడో పోయింది. తమ్ముడు అలా కాదు. వీధిలో ఎవరు "ఒరే" అన్నా ముందు తిరిగేది వాడే. వరదలొచ్చినప్పుడు నడుము లోతు నీళ్ళలో ముసలివాళ్ళని మోసింది వాడే. వాడి మంచితనమంతా ఆ చేతిలోనే ఉంది. తాత ఆ చెయ్యి వంక చూసే చూపు నాకు నచ్చేది కాదు. పామును చూసినట్టు చూసేవారు.

పరీక్షలొచ్చాయి. నేను మోర్స్‌లో తప్పాను. వాడు మొదటి దెబ్బకే పాసయ్యాడు. రాతలోనూ నోటిపరీక్షలోనూ ఆ "విన్నాం" బటన్ ప్రశ్న వచ్చిందట, రెండుచోట్లా సరిగ్గా చెప్పాడట. లడ్డూలు తీసుకుని ఇద్దరం మిద్దె ఎక్కాం. తాత లడ్డూ తీసుకుని బల్ల మీద పెట్టారు, తినలేదు.

"పాసైనావు. సరి. ఇంకొక్క మూడు నెలలు రా అబ్బయ్యా" అన్నారు.

"ఇంకెందుకు సార్? సర్టిఫికెట్టు వచ్చేస్తాది. వచ్చే నెల జాయినింగ్."

"సర్టిఫికెట్టు నీకొచ్చింది. నీ చేతికి రాలే."

తమ్ముడు నవ్వేశాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నేను తప్పినందుకు ఒక్క మాట అనని మనిషి, వాడు పాసైనందుకు ఏడుస్తాడేమిటి అనుకున్నాను. దిగివస్తూ మెట్ల మీద ఆ మాట పైకే అన్నాను, ఆయనకి వినపడే ఉంటుంది.

మూడో రోజు సాయంత్రం ఆయన మా ఇంటికొచ్చారు. అంతకు ముందెప్పుడూ రాలేదు. మా నాయన వ్యాసర్పాడి రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. కుర్చీ వేసి, కాఫీ ఇప్పించి, కింద చాప మీద కూర్చున్నాడు. పిల్లలకి చదువు చెప్పిన మనిషంటే నాయనకి అంత గౌరవం.

"మీ వాణ్ణి ఇప్పుడే పంపించబాకండి" అన్నారు తాత.

"ఏం సార్, వాడేమన్నా తప్పు చేసినాడా?"

"లేదు. చెయ్యి తొందర. కొన్నాళ్ళు ఆపండి. నేను సరిచేస్తా."

నాయన కాళ్ళు తుడుచుకున్న తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "సార్, నేను ఇరవై ఏడేళ్ళుగా పాయింట్లు మారస్తా ఉండా. మొదట్లో నా చెయ్యి కూడా వణికేది. పని చేస్తా చేస్తా చెయ్యే నేర్చుకుంటాది. ఇంట్లో కూసుంటే ఎట్ల నేర్చుకుంటాది? గవర్నమెంటోళ్ళు పాస్ చేసినాక మీరు కాదంటే, నేను ఎవుర్ని నమ్మాల?"

తాత నోరు తెరిచారు. ఏదో పెద్ద సంగతి చెప్పబోతున్నట్టు ముందుకు వంగారు. అంతలో చేతి గడియారం చూసుకుని ఆగిపోయారు. ఆరూ పావు. మూడు నిమిషాలు ఆయన కళ్ళు నాయన ముఖం మీదే ఉన్నాయి, నోట మాట లేదు. ఆ అలవాటు నాకు తెలుసు గానీ నాయనకి తెలియదు. ఇంటికొచ్చి, అడిగిన మాటకి జవాబివ్వకుండా గుడ్లప్పగించి చూస్తుంటే ఏ తండ్రయినా ఏమనుకుంటాడు? నేను చెప్పబోయేలోపే నాయన లేచి నిలబడ్డాడు.

"కాఫీ ఆరిపోతా ఉండాది, తాగి పొండి సార్" అని లోపలికి వెళ్ళిపోయాడు.

మూడు నిమిషాలయ్యాక కూడా ఆయన మిగతా మాట చెప్పలేదు. కుడిచెయ్యి పట్టుకుని వీధిలో నడుచుకుంటూ పోయారు. తమ్ముడు అనుకున్న రోజుకే ఓడెక్కాడు.

నాకు మోర్స్ రావాలంటే ఆయనే దిక్కు కాబట్టి సిగ్గు లేకుండా మళ్ళీ వెళ్ళాను. ఆరు నెలల తర్వాత పాసయ్యాను కూడా. లైసెన్సు వచ్చాక కూడా ఆదివారాలు మానలేదు. ఆయన మాత్రం ప్రతిసారీ నా పాఠం కంటే ముందు, తమ్ముడు ఏ ఓడలో ఉన్నాడు, ఏ సముద్రంలో ఉన్నాడు అని అడిగేవారు. నేను చెప్పిన చోటు మ్యాపులో వెతుక్కునేవారు.

ఒక కార్తీక మాసంలో తుపాను హెచ్చరిక ఉంది. హార్బరులో ప్రమాద సూచిక ఎక్కించారని లారీల వాళ్ళు చెప్పుకుంటున్నారు. మధ్యాహ్నమే చీకటి పడినట్టయి, ఏరియల్ తీగలు గాలికి ఊళ వేస్తున్నాయి. రేడియో కట్టేసి ఊరికే కూర్చున్నాం. ఆయన నేను అడగకుండానే చెప్పారు.

"కొత్త మిషన్లొచ్చిన మొదటి ఏడాది మ్మా. నేనూ ఆ పరీక్ష రాసినా, ఫస్టున పాసైనా. నలభై ఏళ్ళకి దగ్గర పడినోణ్ణి, కుర్రోళ్ళతో కూసోని రాసినా. ఒక దినం మధ్యాన్నం అన్నం తిని కూసోనుండా. హామ్ దోస్తుకి ఉత్తరం రాస్తా ఉండా. మోగింది. అంతే. ఉత్తరం కింద పెట్టకముందే నొక్కేసినా."

చెప్పి, కుడిచేతిని ఒళ్ళో ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నారు.

"చిన్న పడవ. పిలుపులో యాడుండారో లేదు, నంబరొక్కటే ఉండాది. నేను నోటితో పిలస్తానే ఉండా, పలకలేదు. మళ్ళా మళ్ళా మోగుంటే ఒడ్డుకి తగిలుండేది. పక్క ఓడలకి తగిలుండేది. ఏదో ఒక దిక్కు దొరికేది. నేను విన్నానని చెప్పి దాని నోరు మూసేసినా." గోడ గడియారం వంక చూస్తూ, "వాళ్ళకి ఆడ లైటు వెలిగుంటాది, ఎవరో విన్నారని. ధైర్యం వచ్చుంటాది" అన్నారు.

ఆ ఆఖరి మాట అన్నప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. జాలీ కోపమూ రెండూ వచ్చాయి. "ఇది ఆ దినమే మా నాయనకి చెప్పుండొచ్చు గదా సార్" అన్నాను.

"చెప్పేదానికే వచ్చినా మ్మా. నోరు రాలే. గడియారం సాకు దొరికింది."

నేను వెళ్ళబోతుంటే వెనక నుంచి అన్నారు. "ఏది కష్టమని అడుగుతా ఉంటారు గదా. నీ పరీక్ష పాసైనోడు ఇంటికొచ్చి నేర్చుకుంటాడు. వాడికి తప్పులు చేసేదానికి టైముండాది. మీ తమ్ముడి పరీక్ష పాసైనోడు నేరుగా ఓడెక్కతాడు. కష్టం పేపర్లో లేదు మ్మా."

ఆ వారం తమ్ముడు ఫోన్ చేసినప్పుడు, జాగ్రత్తరా అని మొదలుపెట్టాను. తాత పేరు ఎత్తగానే నవ్వాడు. "అక్కా, ఆ ప్రశ్నకి నాకు ఫుల్ మార్కులు" అన్నాడు. నేను ఆయన కథ చెప్పలేదు. ఆయన నాకు నమ్మి చెప్పిన సంగతి, ఫోన్లో ఎలా చెబుతాను అనుకున్నాను. ఇప్పుడనిపిస్తుంది, చెప్పవలసింది.

తమ్ముడి తర్వాత కూడా ఆ పరీక్షకి కుర్రాళ్ళు ఆయన దగ్గరికి వస్తూనే ఉండేవారు, రెండేళ్ళ కిందట ఉన్నట్టుండి ఆయన క్లాసులు ఆపేశారు. ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి నలుగురు కుర్రాళ్ళు మెట్ల మీద నిలబడి ఉన్నారు, తలుపు మూసి ఉంది. చెక్కపెట్టె ముక్కలు ముక్కలుగా విరిగి వాకిట్లో పడి ఉంది. పరీక్ష నెల రోజులుంది సార్ అని ఆ పిల్లలు బతిమాలుతున్నా లోపలి నుంచి పలకలేదు. ముసలితనంలో మతి చెడిందనుకున్నాను. చేతగాకపోతే ముందే చెప్పాలి గానీ పిల్లల బతుకులతో ఇదేం ఆట అని కోప్పడి, రెండు నెలలు ఆ మెట్లెక్కలేదు. ఆ తర్వాత వెళ్ళినా, తమ్ముడు ఎక్కడున్నాడని ఆయన మళ్ళీ అడగలేదు. నేనూ అది గమనించలేదు.

ఆయన పోయేసరికి తమ్ముడు సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు, సోమవారం మళ్ళీ ఓడెక్కడానికి బయల్దేరాలి. దహనమైన మూడో రోజు ఇంటి ఓనర్లు గొట్టాలు దింపెయ్యమంటే ఇద్దరం మధ్యాహ్నం మిద్దె మీదికి వెళ్ళాం. వాడు బోల్టులు విప్పుతున్నాడు, నేను తీగలు చుడుతున్నాను. అప్పుడు, ఇక దాచడం ఎందుకని, తాత కథ వాడికి చెప్పాను. ఆ పడవ సంగతి, ఆ ధైర్యం వచ్చుంటాదన్న మాట, అన్నీ. వాడు స్పానరు కింద పెట్టి పిట్టగోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"ఆయన నాకు చెప్పలేదక్కా ఇది" అన్నాడు. "నేను ఆయనకి నాది చెప్పినప్పుడు కూడా చెప్పలేదు."

"నీదేంది?"

"రెండేళ్ళాయ. గల్ఫ్ దాటి వస్తా ఉండాం. మధ్యాన్నం వాచ్ డ్యూటీ నాది. కింద ఇంజన్ రూము నుంచి ఎవరో పిలిస్తే ఫోన్లో మాట్లాడతా ఉండా. మోగింది. నొక్కేసినా."

నేను చుడుతున్న తీగ వదిలేసి వాడి పక్కన కూర్చున్నాను.

"నోటితో అరగంట పిలిచినా. పలకలే. కెప్టెన్ వచ్చినాడు. రోజూ ఇట్లా ఉత్తుత్తి అలారాలు ఎన్నో వస్తాయి, వదిలెయ్ అన్నాడు. లాగ్ బుక్కులో అట్లే రాసినాడు."

"ఉత్తిదే అయ్యుండొచ్చు గదరా."

"అయ్యుండొచ్చు." వాడు ఆ మాట చాలాసార్లు అనుకున్నవాడిలా అన్నాడు. "ఒడ్డుకి రాంగానే సార్‌కి ఫోన్ చేసినా. అంతా విన్నాడు. ‘మళ్ళా మోగిందా’ అన్నాడు. లేదు సార్ అన్నా. పెట్టేసినాడు."

మూసిన తలుపు అప్పుడు అర్థమైంది నాకు. ఆ తలుపు బయట నిలబడి ఆయన్ని తిట్టుకున్నందుకు ఏడుపొచ్చింది. ఆయన పోయిన రోజు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. కళ్ళు తుడుచుకుని, "ఆ పడవలో ఎంతమందిరా" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"తెలీదక్కా. అది మిషన్ చెప్పదు, వాళ్ళు నోటితో చెప్పాల."

వాడి భుజం పట్టుకున్నాను. "సోమవారం ఎక్కబాకరా. ఆ సర్టిఫికెట్టు పక్కన పెట్టు. మొదట్నుంచి నేర్చుకో, మళ్ళా పరీక్ష రాయి. పాసైనాంకనే పో. నాయనకి నేను చెప్తా."

వాడు నా వంక చిన్నపిల్లను చూసినట్టు చూశాడు.

"రాస్తే పాసైపోతానక్కా. ఆ ప్రశ్న ఇప్పుడడిగినా కరెక్టుగా రాస్తా. అప్పుడూ కరెక్టుగానే రాసినా గదా."

సోమవారం పొద్దున నాయనా నేనూ వాణ్ణి ఎయిర్‌పోర్టులో దింపి వచ్చాం. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నాయన, కొడుకు ఈసారి సెకండ్ ఆఫీసరుగా పోతున్నాడని డ్రైవరుకి చెప్పుకుంటూ ఉన్నాడు. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. చెప్పలేదు.